చాతం మెట్ల ఫోటో ఎవరిది

మైలపల్లి అప్పయ్య కుమారుడు గవరయ్య, వయస్సు అరవై ఒకటి, పోర్టుబ్లెయిర్ జంగ్లీఘాట్ నివాసి అయిన నేను రాయించి, రెండుసార్లు చదివించుకుని విన్న వీలునామా. నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను. ఫోటోల సంగతి వదిలేస్తే మిగతా అన్నిటికీ ఆయన మాట నిజమే. దీన్ని అమలు చేసే బాధ్యత పక్కింటి పద్మావతి గారిది. రాసిపెడుతున్నదీ ఆవిడే.

1. ఇల్లు, అబర్డీన్ బజార్‌లోని స్టూడియో నా భార్య ఎరుకమ్మ బతికినంతకాలం ఆమెకూ, తదనంతరం మా ఏకైక కుమార్తె సీతాలుకూ చెందవలెను. ఇందులో నాకు ఏ గందరగోళమూ లేదు.

2. పెద్ద కెమెరా వెనక తల మీద కప్పుకునే నల్లగుడ్డ ఎరుకమ్మకు. పెళ్లయిన కొత్తలో నేను ఆమెను తీరిగ్గా చూసింది ఆ గుడ్డ కిందినుంచే. అద్దంలో తలకిందులుగా కనిపించేది, అయినా బాగుండేది.

3. కెమెరా ముక్కాలి స్టాండు మా బావమరిది అప్పలరాముడి దగ్గరే ఉండిపోవలెను. "రెండ్రోజుల్లో వాపస్ ఇచ్చేస్తాను బావా, పక్కా" అని పట్టుకుపోయి, వండూర్‌లో దానికి చేపల తక్కెడ వేలాడదీశాడు. పదకొండేళ్లయింది. నాకిప్పటికీ ఒళ్లు మండుతోంది.

4. చాతం మెట్ల ఫోటో, దానికి వచ్చిన పతకం సీతాలుకు చెందవలెను.

5. నాలుగవ క్లాజు రద్దు. కాగితం మార్చి రాస్తానని పద్మావతి గారన్నారు, నేనే వద్దన్నాను. ఎందుకు రద్దు చేశానో అందరికీ తెలియాలి.

నాకీ విద్య నేర్పింది వెంకటాచలం మాస్టారు. ప్రభుత్వ భవనాలను నలుపు తెలుపులో ఫోటోలు తీయడం ఆయన ఉద్యోగం. 1954లో భావనపాడు నుంచి వలలతో దిగిన నన్ను కెమెరా పెట్టె మోయడానికి పెట్టుకున్నారు. "గోడకి లేని తొందర నీకెందుకు గవరయ్యా?" అంటూ ఒక్క నీడ కోసం రెండు పూటలు నిలబెట్టేవారు. మనసులో బాగా తిట్టుకునేవాణ్ణి. నలుపులో ఎన్ని నలుపులున్నాయో కనిపించడం మొదలయ్యాక తిట్టడం మానేశాను. ఆ పెద్ద కెమెరాలో ఒక్కో ఫోటోకి ఒక్కో ఫిల్ము. ఆయన పద్ధతి ఏమిటంటే, తను ఒకటి తీస్తే నేనొకటి తీయాలి. కవరు మీద ఆయనదైతే "వెం", నాదైతే "గ" అని సిరాతో రాసేవారు. ఎనిమిదేళ్లలో ఆయనవి ఇరవై, నావి ఇరవై మిగిల్చి, తక్కినవి పారేయించారు.

1962 వానల్లో వాటికి బూజు పట్టింది. మాస్టారు సెలవు మీద మెయిన్‌లాండ్ వెళ్లి ఉన్నారు. నేను నలభై ఫిల్ములూ కడిగి, వల తాడుకు వరసగా కట్టి, కవర్లు ఆ కిందనే పేర్చాను. నీళ్లు కారి కవర్ల మీద సిరా అంతా అలుక్కుపోయింది. ఎరుకమ్మ వచ్చి "ఏటిది, బొమ్మల్ని కూడా చేపల్నాగ ఎండేసినావా?" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఏది ఎవరిదో తెలియలేదు. భయపడి కొత్త కవర్లు చేసి, మంచివన్నీ మాస్టారివనీ, మామూలువన్నీ నావనీ సర్దుకుంటూ పోయాను. ఆయన కవర్లు ఇరవై నిండాయి. ఇంకా ఒక మంచి ఫిల్ము నా చేతిలో మిగిలింది. అదే చాతం కలప మిల్లు మెట్లది. చేసేది లేక నా కవర్లో పెట్టాను. తిరిగొచ్చిన మాస్టారు దాన్ని చూసి, "బాగుంది గవరయ్యా" అని ఆయనే నా పేరున పోటీకి పంపారు. పతకం వచ్చింది. తన ఫోటో తనే పోల్చుకోలేదా? పోల్చుకునే నాకిచ్చేశారా? నిజంగానే నాదా? అడిగే ధైర్యం లేకపోయింది. 1967లో ఆయన పోయారు. ఫిల్ములన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

6. మాస్టారి అమ్మాయి భారతీదేవి, స్కూల్లో టీచరు, నాన్నగారి ఫోటోలు లైబ్రరీ గోడ మీద పెట్టిస్తానని మొన్న వచ్చింది. "నాన్నగారివి ఎన్నుంటే అన్నీ ఇవ్వండి అన్నయ్యా" అంది. ఆమె వెళ్లాక సీతాలు నా మీద లేచింది. "మెట్లది ఇవ్వకు నాన్నా, సర్టిఫికెట్ మీద నీ నామ్ ఉంది గదా, ఇంకేటి సబూత్ కావాలి?" అని.

మాస్టారివి ఇరవై. మంచివి ఇరవైఒకటి. అంటే ఒకటైనా ఖాయంగా నాది. ఏదన్నదే తెలియదు. మెట్లదే కావచ్చు, కాకపోనూవచ్చు. ఇరవై ఏడేళ్లుగా బల్ల మీద పరిచి చూస్తున్నాను. ఒక వారం ఒకటి నాదనిపిస్తుంది, మరో వారం ఇంకొకటి. నాదొకటి ఉండాలని నాకెంత ఆశో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

అయినా నాది వెతుక్కోబోయి ఆయనది ఉంచేసుకోలేను. కావున ఇరవైఒక్క ఫిల్ములూ, పతకంతో సహా, భారతీదేవికి చెందవలెను. అన్నిటి కిందా మాస్టారి పేరే వేయించవలెను. సీతాలూ, దీని మీద కోర్టుకెళ్లకు. వాటిని గోడకు పెట్టిన రోజున వెళ్లి, తొందరపడకుండా అన్నీ చూడు. అందులో ఒకటి మీ నాన్న తీశాడు.

పోర్టుబ్లెయిర్, 14 సెప్టెంబరు 1989.

(సంతకం) మైలపల్లి గవరయ్య

మా ఎదుట సంతకం చేశారు:
పోలిరాజు, చాతం మిల్లు కార్మికుడు
సూరయ్య, జంగ్లీఘాట్