నీ పెదవులు ఎర్రబడ్డాయని రాశావు

సెర్రో దె పాస్కో,
ఏప్రిల్ 9, శనివారం.

చిరంజీవి ఎల్మెర్‌కి అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ, మీ చెల్లెలు నోర్మా, దాని పిల్లలూ దేవుడి దయవల్ల కులాసాగానే ఉన్నాం. చలి ఎప్పటిలాగే ఉంది. బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపిన నీ ఉత్తరం గురువారం అందింది. ఫోను పలకాలంటే ఆ పైనున్న గని శిబిరం వెనక కొండెక్కాలని తిట్టుకున్నావు గానీ, దాని పుణ్యమా అని నీ చేతిరాత చూశాను. నలభై ఒకటి దాటినా ఇంకా కోడి కెలికినట్టే ఉంది.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. పైకప్పు రేకు మార్పించాను. కుక్క మీద బెంగ పెట్టుకోకు, నీ మంచం మీదే పడుకుంటోంది, లేపితే నా మీదే గుర్రుమంటోంది. మన కొండమీది మాకా దుంపలు ఎండబెట్టి నీకోసం ఒక సంచి దాచాను. మన వీధి ఇంకా ఊరి నడుమనున్న గని గోతిలోకి జారలేదు. జారిన రోజు తప్పకుండా రాస్తాను.

ఇక అసలు సంగతి. "నర్సు రక్తం తియ్యకుండానే నా హిమోగ్లోబిన్ లెక్క ఇరవై రెండు నుంచి పదిహేనుకి దిగిందమ్మా. తలనొప్పి పోయింది, పెదవులు ఎర్రబడ్డాయి. కొండ నన్ను ఒప్పుకుంది. వచ్చే నెల సిలువల పండక్కి వస్తాను, నాన్నకి చేసినట్టే నాకూ రాళ్ళ విందు చెయ్యాలి" అని రాశావు. మొదటిసారి చదివి నవ్వుకున్నాను. రెండోసారి చదివి అక్కడే కూర్చుండిపోయాను.

మన ఎత్తున గాలి పలచన, అందుకని మగవాళ్ళకి రక్తం చిక్కబడటం కొత్త కాదు. మీ నాన్న తెయోఫిలోది ఇరవై నాలుగు. పెళ్ళిలో ఆయన పెదవులు చూసి ఫాదరు నన్ను పక్కకి పిలిచి, "పెళ్ళికొడుకు ఇప్పటికే తాగాడా అమ్మాయ్?" అని అడిగాడు. ఊదా మొక్కజొన్నల పానకం తాగిన పిల్లాడి నోరులా ఉండేది ఆ నోరు. నేను ఆ రంగుకే మనసు పడ్డాను, ఇప్పుడు చెప్పడానికి సిగ్గెందుకు. మూడు నెలలకోసారి ఆరోగ్య కేంద్రంలో గ్లాదిస్ నర్సు ఒక సీసా రక్తం తీసేది. "పారబోయకు గ్లాదిసమ్మా, మా ఆవిడ ఉల్లిపాయలేసి వేయిస్తుంది" అనేవాడు ప్రతిసారీ. ఆవిడ ప్రతిసారీ నవ్వేది.

తర్వాత ఆ ఏడు వచ్చింది. సూది పొడవకుండానే ఆయన లెక్క పదహారుకి దిగింది. పెదవులు ఎర్రబడ్డాయి, రాత్రుళ్ళు తలపట్టుకుని లేవడం మానేశాడు. ఊరంతా కొండ కరుణించిందంది. పెరట్లో గొయ్యి తవ్వి, రాళ్ళు కాల్చి, గొర్రె మాంసం, బంగాళాదుంపలు, చిక్కుళ్ళు పేర్చి మట్టి కప్పాం. నువ్వు ఆయన భుజం మీద చెయ్యేసి, "ఏంటి నాన్నా, కొత్తపెళ్ళికూతురిలా ఉన్నావు" అన్నావు. "కుళ్ళుకోకురా, నీకూ వస్తుందిలే ఈ రంగు" అన్నాడు. గొయ్యి తెరిచినప్పుడు లేచిన ఆ వాసన ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. ఆ సాయంత్రం ఆయన నన్ను లాగి నాట్యం చేశాడు. రెండు అడుగులకే ఆయాసపడ్డాడు. వయసొచ్చిందిలే అని వెక్కిరించాను.

పదకొండు నెలలకి లిమాలో పోయాడు. కొండ మీద చిక్కబడ్డ రక్తమే ఆయన్ని తీసుకుపోయిందని మీ ఇద్దరికీ చెప్పాను. అది అబద్ధం నాయనా. పెద్దపేగులో కాన్సర్. చోటు చెప్పుకోలేనిదని ఆయనా సిగ్గుపడ్డాడు, నేనూ సిగ్గుపడ్డాను. కానీ నేను దాచింది ఒక్క సిగ్గు వల్లే కాదు.

ఆ విందుకి ముందు నుంచే ఆయన లోబట్టల మీద మరకలు చూశాను. నల్లగా, ఉతికినా ఒక పట్టాన వదిలేవి కావు. అడిగితే, "మొలలే, రోజంతా గని బండి తోలుతూ సీటు మీద కూర్చుంటే రావా? నువ్వు గ్లాదిస్‌కి చెప్పకు, పరువు పోతుంది" అన్నాడు. నేను చెప్పలేదు. ఎందుకో తెలుసా? సంతోషించాను, ఎల్మెర్. సీసా బాధ తప్పింది, ఒళ్ళే తనకి ఎక్కువైన రక్తాన్ని తనే తీసేసుకుంటోంది అనుకున్నాను. బండకేసి బాది, మరక పోయాక ఆరేసి, పాట కూడా పాడుకున్నాను. ఎనిమిది నెలలు అలా ఉతికాను. నిన్నటిదాకా, తొమ్మిదేళ్ళు, ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

నిన్న ఆరోగ్య కేంద్రానికి పోయాను. మన అందరి రక్తం పరిశోధనకని పట్టుకెళ్ళిన డాక్టరమ్మ యానెత్ గుర్తుందా, నెలకోసారి వస్తుంది. నీ ఉత్తరం చూపించి, మీ నాన్న సంగతీ, బట్టల సంగతీ చెప్పేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టింది.

"గాలిని కనిపెట్టుకుని ఉండే జన్యువులుంటాయమ్మా, కాపలావాళ్ళలాగా. గాలి తగ్గితే రక్తం పెంచమని కేకేస్తాయి. మీ ఆయనలో ఆ కేక ఆగేది కాదు. మీవాడిదీ అదే తీరు. పేగులో గడ్డకీ గాలి చాలదు కదా, అదీ ఆ కేకనే వాడుకుని పెరుగుతుందేమోనని చూస్తున్నాం."

"అయితే తండ్రి నుంచి వాడికీ వచ్చేసినట్టేనా?"

"తెలీదమ్మా. కొన్ని పరిశోధనల్లో అవునని వచ్చింది, కొన్నిట్లో కాదని. జన్యువుల సంగతి అటుంచు. ఇంకా పైకెక్కినవాడి రక్తం పెరగాలి గానీ తగ్గడమేంటి? ఎక్కడికో పోతోంది. ముందు పేగు చూడాలి. తొందరగా దొరికితే కోసి తీసేస్తాం, ఇంటికొచ్చి నీతో పోట్లాడుకుంటాడు."

"పోట్లాట మాకు కొత్త కాదులే" అన్నాను.

ఈ నెల 19, మంగళవారానికి లిమాలో నీ పేరు రాయించాను. పేగులోకి కెమెరా పంపి చూస్తారట. ముందురోజు తిండి మానాలి, మందు తాగి కడుపు ఖాళీ చేసుకోవాలి. నవ్వకు. మీ మేస్త్రీకి చెప్పడానికి సిగ్గయితే అమ్మకి జబ్బని చెప్పు, నేనేమీ అనుకోను. 17, ఆదివారం సాయంత్రానికి నువ్వు ఇల్లు చేరకపోతే సోమవారం నేనే మీ గేటు దగ్గరికొచ్చి అందరి ముందూ ఈ ఉత్తరం గట్టిగా చదువుతాను. ఎనభై మంది గనివాళ్ళు వింటారు, ఆలోచించుకో.

నువ్వు పుట్టినప్పుడు నీ నోరూ ఊదారంగే. మంత్రసాని భయపడింది, మీ నాన్న మాత్రం "నావాడే" అని ఎత్తుకున్నాడు. ఆ రంగు పోయినందుకు నేను ఏడ్చే రోజొస్తుందని ఎవరనుకున్నారు.

విందుకి రాళ్ళు ఏరి కడిగి పెట్టాను. నువ్వు లిమా నుంచి తిరిగొచ్చాకే నిప్పు పెడతాను. నిన్ను తిట్టాలనే ఉంది, కానీ ముందు నన్ను నేను తిట్టుకోవాలి. మీ నాన్నని నేను మళ్ళీ బతికించలేను, నిన్ను మాత్రం పోనివ్వను.

ఇంకొక్క మాట. వచ్చేటప్పుడు నీ బట్టలు అక్కడ ఉతుక్కోకు, ఎలా ఉన్నవి అలాగే మూటగట్టి తెచ్చి నా చేతికివ్వు. ఈసారి ఉతికే ముందు చూస్తాను. చూసింది చెబుతాను.

ఇట్లు,
నీ రాక కోసం వాకిట్లో కూర్చున్న
మీ అమ్మ
ఎదువిహెస్