మూడో క్వార్టర్‌బ్యాక్ పగలగొట్టిన గ్లాసు

ఇర్వింగ్, టెక్సస్, 1983 ఆగస్టు, మంగళవారం

డైరీ మహాశయా, నీ పవిత్రమైన తెల్లకాగితం మీద అమెరికన్ ఫుట్‌బాల్ రాజకీయాలు రాస్తున్నందుకు శతకోటి క్షమాపణలు.

ఇవాళ ఇక్కడి టీమ్ మూడో క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరేవాళ్లలో మూడో వరసవాణ్ణి, తీసేసింది. పోయినవారం నేను పనిచేసే రెస్టారెంట్‌లో ఎవరితోనో గొడవపడి రెండు బల్లలు తిరగేశాడని పేపర్లో వచ్చింది కదా, అందుకే. కోచ్ మాత్రం "చేతిలో బలం చాల్లేదు" అంటున్నాడు. మరి తాగి కారును స్తంభానికి గుద్దిన మొదటి క్వార్టర్‌బ్యాక్? ఆయన గెలిపిస్తాడు కాబట్టి అది కుర్రతనమట!

రూమ్మేట్ మురళి చపాతీలు కాలుస్తూ నవ్వాడు. "నీకెందుకురా అంత మంట? వాడేమైనా నీ మేనమామా?"

"న్యాయం రా, న్యాయం!"

"న్యాయం తర్వాత చూద్దాం, ముందు ప్లేట్లు కడుగు."

కడుగుతున్నంతసేపూ అతనే గుర్తొచ్చాడు. ఆరోజు గొడవయ్యాక నాకు సారీ చెప్పి, వంగి గాజుముక్కలు తనే ఏరాడు. ఇక వేరే టీమ్ ఏదైనా పిలుస్తుందో లేదో.

కోచ్‌ని తిట్టడం పూర్తయింది కాబట్టి ఇది కూడా రాసేస్తాను. ఆరోజు పగిలింది ఒకే ఒక్క గ్లాసు. బల్లలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మర్నాడు ఫోన్ చేసిన విలేకరిని నవ్వించాలని మాటల్లో వాటిని తిరగేసింది నేనే.