గట్టు మీది కేక

ఏమయ్యా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. కొత్త ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిందని పెద్దరైతు ఇంటిమీద జెండా కట్టాడు. మేమేమో ఆయన చేలో శెనక్కాయ పీకుతున్నాం.

కూలోళ్లందరినీ కూడగట్టి నువ్వు తెచ్చిన మధ్యాహ్నపు విరామాన్ని ఆయన ఈసారి ఎత్తేశాడు. కాళ్లు పడిపోయాక కూడా నువ్వు ఆ గట్టు మీదే కూర్చుని, పొద్దు నడినెత్తికి రాగానే "నడుములెత్తండమ్మా" అని కేకేసేవాడివి.

ఈ రోజూ పొద్దు నడినెత్తికి వచ్చింది. భయానికి ఎవరూ లేవలేదు. గాలి ఆగిపోయింది. డోన్ నుంచి కొత్తగా వచ్చిన మేస్త్రీ, నిన్ను ఎన్నడూ చూడనివాడు, గట్టు వైపు తిరిగి అలాగే నిలబడిపోయాడు.

"ఎవరమ్మా ఆ ముసలాయప్ప? నడుములెత్తండని ఒకటే అరుస్తాండాడు. లేసి సంగటి తినండి పోండి" అన్నాడు.

గట్టు మీద ఎవరూ లేరు. మాకెవరికీ ఏ కేకా వినిపించలేదు. అయినా అందరం లేచాం. ఆడవాళ్లు సద్ది మూటలు విప్పారు. నేను మాత్రం మూట విప్పకుండా గట్టు వైపే చూస్తూ కూర్చున్నాను.

కట్టుకున్నదాన్ని, ఏడాదిగా నీ గొంతు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. పోయి పోయి ఆ మేస్త్రీకా వినిపిస్తావు?