ఉజ్వల గిటారుకు మామయ్య సంతకం

టాంపినీస్, సింగపూర్
5 మార్చి 2007

చిరంజీవి ఉజ్వలకు,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. నీ కచేరీ ఒక్కటే కులాసాగా లేదు.

నీ ఉత్తరం అందింది. నీ మొదటి రెండు జాజ్ సీడీలూ అమ్ముడుపోలేదని లండన్ కంపెనీ వాళ్లు మొహం తిప్పుకున్నారనీ, జనం ముందు వాయిస్తూ రికార్డు చేసి తెస్తే ఆఖరిసారిగా వింటామన్నారనీ, అదీ పోతే ఇక సొంత సంగీతం కట్టిపెట్టి లీడ్స్‌లో స్కూలు పిల్లలకు గిటారు పాఠాలు చెప్పుకోవడమేననీ రాశావు. చదివి మీ లీలత్తయ్య కళ్లొత్తుకుంది. నేను ఒత్తుకోలేదు. ఫోను తీసి పాయా లేబర్ దగ్గర హాలు మాట్లాడాను. ఏప్రిల్‌లో మన తెలుగువాళ్ల ఉగాది సభ. సాయంత్రమంతా నీదే. కల్చరల్ సెక్రటరీని నేనే గనుక అడ్డు చెప్పేవాడు లేడు.

అయితే ఒక్క మాట. నేను చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేరుకు టెస్టింగ్ మేనేజర్ని. పరీక్షించకుండా ఇంతవరకు ఏదీ బయటికి వదల్లేదు, మీ అత్తయ్య పులిహోరతో సహా. నీ ఉత్తరంతో పాటు పంపిన కార్యక్రమం కాగితంలో "నాలుగు పాటలు, తరవాత చూద్దాం" అని ఉంది. చూద్దాం ఏమిటి తల్లీ? ఏ పాట ఎంతసేపు, ఏ స్వరం తరవాత ఏ స్వరం, అంతా రాసి, కింద సంతకం పెట్టి పోస్టులో పంపు. ఈమెయిల్ వద్దు, సంతకం కనపడాలి. కమిటీ ఆమోదించాక ఒక్క స్వరం కూడా మారడానికి వీల్లేదు. దీన్ని మా దగ్గర ఫ్రీజ్ అంటారు.

ఆశీస్సులతో,
కృష్ణమూర్తి మామయ్య

తా.క.: చప్పట్లు ఎక్కడ కొట్టాలో కూడా గుర్తుపెట్టి పంపు. మనవాళ్లు శాలువా కప్పినప్పుడు తప్ప కొట్టరు.


లీడ్స్
14 మార్చి 2007

మామయ్య గారికి,

ఉజ్వల నమస్కారాలు. అమ్మ నా భుజం మీంచి చూస్తూ అక్షరదోషాలు దిద్దుతోంది. అందుకని కోపం కాస్త తగ్గించి రాస్తున్నాను.

హాలు దొరికిందంటే ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కానీ మీరడిగిన కాగితం నేను రాయలేను. జాజ్‌లో పాటకు మొదలూ చివరా మాత్రమే నేను కట్టేది. మధ్యలోది ఆ పూట స్టేజీ మీదే పుడుతుంది. బేస్ గిటారు వాయించే ఐమన్ ఒకటి అంటాడు, దానికి నేను జవాబు చెబుతాను, వాడు దానికి ఇంకోటి అంటాడు. ఏమంటాడో వాడికే తెలియదు. నాకెలా తెలుస్తుంది?

అమ్మ ఒక మాట అడగమంది. మన కచేరీల్లో రాగం ఆలపించేవాళ్లు ముందే అంతా రాసి సంతకం పెడతారా?

మీ మేనకోడలు,
ఉజ్వల

తా.క.: నా మొదటి సీడీ, పోయిన నెల క్లబ్బులో వాయించిన రికార్డింగూ పంపుతున్నాను. రెండూ వింటే మీకే అర్థమవుతుంది.


టాంపినీస్
22 మార్చి 2007

చిరంజీవి ఉజ్వలకు,

ఆశీస్సులు. రెండూ విన్నాను. అర్థమైంది. నీ పరిస్థితి నేననుకున్న దానికంటే విషమం.

అదే పాట, అదే పేరు, అదే మనిషి. సీడీలో నాలుగు నిమిషాలుంది, క్లబ్బులో పదకొండు. నేను ఒక్కణ్ణీ తేల్చడం న్యాయం కాదని మా టీములో మునవ్వర్‌కి ఇచ్చాను. హైదరాబాదు వాడు, కామా తప్పినా పట్టుకుంటాడు. రెండూ పక్కపక్కన పెట్టి విని, నలభై ఒక్క తేడాలు రాసి తెచ్చాడు. "సార్, బచ్చీ మధ్యలోంచి పాట ఇడిసిపెట్టి బయటికి పోయింది. వాపస్ వస్తదా రాదా అని నాకు చెమటలు పట్టినయ్" అన్నాడు. వచ్చిందట. అయినా పోవడం ఎందుకు?

ఆలాపన సంగతి మీ అమ్మ బాగానే ఎత్తింది. ఆవిడ చిన్నప్పుడూ అంతే, ఎదుటివాడి నోరు మూయించాక గానీ అన్నం తినేది కాదు. ఆలాపనకు రాగమనే గట్టు ఉంది. నీకేది గట్టు? గుడ్డెద్దు చేలో పడ్డట్టు వాయిస్తే కంపెనీవాళ్లు కొనక ఏం చేస్తారు అనుకుంటున్నావా? సరిగ్గా అందుకే కొనలేదు.

కమిటీ తీర్మానం ఇది. సీడీలో ఉన్నదే అసలు పాఠం. దాని ప్రకారమే వాయించాలి. కాగితం జత చేశాను. సంతకం పెట్టి పంపు, లేకపోతే హాలు రాజారావు గారి హాస్యవల్లరికి ఇస్తామంటున్నారు.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క.: మునవ్వర్ ఆ క్లబ్బు రికార్డింగు తిరిగి ఇవ్వడం లేదు. పరీక్ష ఇంకా పూర్తికాలేదంటాడు. రోజూ ట్రైన్‌లో కళ్లు మూసుకుని పరీక్షిస్తున్నాడు.


లీడ్స్
30 మార్చి 2007

మామయ్య గారికి,

నమస్కారాలు. ఓడిపోయాను. సంతకం పెట్టాను, కాగితం ఇందులోనే ఉంది.

సీడీలో ఎలా ఉంటే అలాగే వాయిస్తాను. అంటే అమ్ముడుపోని సీడీనే మళ్లీ రికార్డు చేసి, అమ్ముడుపోలేదని చెప్పిన వాళ్లకే ఇస్తాను. ఇది మీకు వింతగా తోచకపోతే నేను చెప్పేదేమీ లేదు. ఇప్పుడు వేరే హాలు వెతికే వ్యవధి లేదు.

ఉజ్వల

తా.క.: మాతో గ్రేయమ్ అనే సౌండ్ ఇంజనీరు వస్తున్నాడు. మహా శుభ్రం మనిషి. కుర్చీ మీద కాగితం గరగరలాడినా మైకులో పడుతుందని, ముందే వెళ్లి హాలంతా తనే ఊడ్చేస్తాడు. మీకు నచ్చుతాడు.


టాంపినీస్
16 ఏప్రిల్ 2007

ఉజ్వలకు,

ఆశీస్సులు, అలవాటు కొద్దీ. నువ్వు విమానం ఎక్కేదాకా నేను నోరు విప్పలేదని అత్తయ్య నన్ను తిడుతోంది. ఎందుకు విప్పలేదో రాస్తాను. స్టేజీ మీద ఉన్నదానివి, కింద జరిగింది నీకు తెలియదు.

ఇక్కడ హాకర్ సెంటర్లో, అంటే బల్లలు వేసిన టిఫిన్ల బజారులో, ముందు టిష్యూ ప్యాకెట్ ఒకటి కుర్చీ మీద పెట్టి, అప్పుడు భోజనం తెచ్చుకోవడానికి వెళతారు. చోప్ చెయ్యడం అంటారు. ప్యాకెట్ ఉన్న కుర్చీని ఎంతటివాడూ ముట్టుకోడు. మన ఆంటీలు సాయంత్రం కచేరీకి మధ్యాహ్నమే వచ్చి, ముందు వరసలన్నీ చోప్ చేసి, కింద టిఫిన్లకు దిగారు. నీ గ్రేయమ్ వాటిని చెత్త అనుకున్నాడు. ఒక్కటి మిగల్చకుండా సంచిలోకి ఊడ్చాడు.

తిరిగొచ్చేసరికి కుర్చీకి ముగ్గురు హక్కుదారులు. రాజారావు గారి భార్యా, మా డైరెక్టరు గారి అత్తగారూ ఒకే కుర్చీలో చెరి సగం కూర్చుని ఎవరూ లేవలేదు. నేను మైకు పట్టుకోక తప్పలేదు. "అమ్మా, కూర్చోండి. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోండి" అన్నాను. వెనక నీ గిటారు అదే మాట అంది. "ఉజ్వలా, ఆగు, ఇంకా మొదలవలేదు" అన్నాను. గిటారు ఆ మాటా అంది. నేను గొంతు పెంచితే ఐమన్ బేస్ అందుకున్నాడు. నేను తిట్టేకొద్దీ మీరు వాయించారు, మీరు వాయించేకొద్దీ నేను తిట్టాను. పన్నెండు నిమిషాలు. జనం నవ్వుతూ దొరికినచోట కూర్చుని, శాలువా లేకుండానే చప్పట్లు కొట్టారు.

తరవాత నాలుగు పాటలూ పొల్లుపోకుండా వాయించావు. అందుకు మెచ్చుకుంటున్నాను. సగంమంది మధ్యలోనే భోజనాలకు లేచిపోయారు, ఎందుకో తెలియలేదు.

మూడు వందల మంది ముందు నన్ను వెక్కిరించావు. మేనమామను. చాలా బాధేసింది ఉజ్వలా. ఆ పన్నెండు నిమిషాలూ చెరిపెయ్యి. అది ఎవరూ ఆమోదించని భాగం.

మామయ్య

తా.క.: సంచి మా ఇంట్లోనే ఉంది. ఈ ఏడాది మాకు టిష్యూలు కొనే పనిలేదు.


లీడ్స్
2 మే 2007

మామయ్య గారికి,

నమస్కారాలు. ముందుగా, నేను వెక్కిరించలేదు. సంతకం పెట్టినప్పటినుంచి నా చేతులు కట్టేసినట్టుంది. ఆ హాల్లో ముందే రాసుకోని మాట మాట్లాడింది మీరొక్కరే. జవాబు చెప్పకుండా ఉండలేకపోయాను. మీకు బాధ కలిగినందుకు క్షమించండి.

ఇప్పుడు అసలు సంగతి. కంపెనీవాళ్లు నాలుగు పాటలూ విని, "ఇవి మా గోడౌనులో చాలానే ఉన్నాయి" అన్నారు. నేను గిటారు పెట్టె మూసేశాను. గ్రేయమ్ టేపు తీసుకుందామని వెనక్కి తిప్పితే మీ గొంతు వచ్చింది. వాళ్లు ఆపనివ్వలేదు. మూడుసార్లు పెట్టించుకున్నారు. తెలుగు ఒక్క ముక్క రాదు గదా, "ఈ గాయకుడెవరు? కోపాన్ని ఇంత లయగా పాడినవాణ్ణి మేం వినలేదు" అన్నారు.

అది మొదటి పాటగా పెట్టి, మిగతావి నా ఇష్టం వచ్చినట్టు వాయించుకోమన్నారు. రికార్డు వేస్తారట. కాపీ పంపుతున్నాను, వినండి. దాంతోపాటు ఒప్పుదల కాగితం కూడా. మీ సంతకం లేనిదే ఏదీ బయటికి పోదు. మీరు కాదంటే నేను చెరిపేస్తాను, స్కూల్లో పాఠాలకు చేరిపోతాను. అమ్మ ఈసారి ఏమీ దిద్దలేదు, పక్కన కూర్చుని ఉంది.

మీ ఉజ్వల

తా.క.: పాటకు పేరు "కూర్చోండి". అలా పలకడం నేర్చుకోడానికి కంపెనీవాళ్లకు ఒక పూట పట్టింది.


టాంపినీస్
12 మే 2007

చిరంజీవి ఉజ్వలకు,

మనస్ఫూర్తిగా ఆశీస్సులు. సంతకం పెట్టాను. నీకు పాఠాలు చెప్పుకునే గతి నా వల్ల పట్టకూడదు.

కాపీ విన్నాను. చాలాసార్లు విన్నాను. నేను అంత బాగా తిడతానని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మీ అత్తయ్య అయితే ఇన్నేళ్లుగా ఉచితంగా వింటోంది, ఒక్కనాడూ మెచ్చుకోలేదు. మునవ్వర్ కూడా పరీక్షించి, "ఒక్క తప్పు లేదు సార్, బేఫికర్ గా పంపుండ్రి" అన్నాడు.

నాకు మాత్రం తృప్తిగా లేదు. ఏడో నిమిషం దగ్గర "డైరెక్టరు గారి అత్తగారూ, లేవండి" అన్నది బిక్కుబిక్కుమంటూ అన్నాను. ఆవిడ మీద భయం కొద్దీ. అక్కడ ఇంకా తెగించి ఉండాల్సింది. స్టేషనుకు వెళ్లే ఫీడర్ బస్సులో రకరకాలుగా అని చూస్తున్నాను, నా పక్క సీటు ఖాళీగానే ఉంటోంది. జూన్‌లో సెలవు పెట్టి లీడ్స్ వస్తాను. మళ్లీ రికార్డు చేద్దాం. ఏమంటానో ఇప్పుడే అడగకు. "కూర్చోండి"తో మొదలుపెడతాను, తరవాత చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క.: కవరు మీద గాయకుడు అని వేస్తున్నారా, ఉత్త పేరేనా?


లీడ్స్
21 మే 2007

మామయ్య గారికి,

నమస్కారాలు. మీ సంతకం అందింది, మిగతా పాటలూ నా ఇష్టం వచ్చినట్టు వాయించేశాను, రికార్డు ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. ఇక ఒక్క మాట కూడా మారడానికి వీల్లేదు. దీన్ని మీ దగ్గర ఫ్రీజ్ అంటారట.

మీ ఉజ్వల

తా.క.: జూన్ ఆఖరున లండన్లో కచేరీ ఉంది, ఆ గాయకుణ్ణి తీసుకురమ్మంటున్నారు. ఏం మాట్లాడతారో రాసి పంపకండి. స్టేజీ మీద నా పక్కన వెయ్యాల్సిన కుర్చీని గ్రేయమ్ ఇప్పుడే తుడిచి, దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టాడు.