అమ్మ గొంతున్న పాట

హుకుంపేట మండలం,
ఆదివారం.

ప్రియమైన చిన్నతమ్ముడికి,

ప్రభువు కృప నీ మీద ఉండాలని కోరుతూ పెద్దప్ప రాసేది. అమ్మ, మోసెస్, సుజానా, నేను ఆరోగ్యంగా ఉన్నాం. నువ్వూ, నీ బ్యాండు పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

ముందుగా, పోయిన గురువారం పొద్దున్న సంగతి రాస్తాను. మంచు ఇంకా విడలేదు. అమ్మ చోడి అంబలి కాచి గిన్నెల్లో పోస్తోంది. నేను వాకిట్లో బరకం పరిచి కాఫీ పళ్ళు ఆరబోశాను. సుజానా పచ్చివి ఏరుతోంది. మోసెస్ మేకల్ని విప్పుతున్నాడు. అప్పుడు విశాఖపట్నం వ్యాను ఒకటి మన ఇంటి ముందు ఆగింది. ఫొటోలకని దిగిన పిల్లలు పాట పెట్టి గంతులు వేశారు. నీ పాటే. "మా మరిది గొంతు గీరుకుపోయినా పాట బాగుందే" అని సుజానా నవ్వింది. నేనూ నవ్వాను.

అంతలో గిటారు ఆగి పాటలోంచి అమ్మ గొంతు వచ్చింది. ఆ పిల్లలందరూ చేతులెత్తి దానితో గొంతు కలిపారు. అమ్మ గరిటెతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వ్యాను వెళ్ళాక ఒకే మాట అంది.

"బతికున్న గుంటణ్ణి పిలిసీసాను."

అమ్మ విన్నదా, ఏమంది అని అడిగావు కదా. ఇదే అంది.

పాట ఎలా చేశారో నీ ఉత్తరంలో చదివాను. నాన్నను మోసుకెళ్ళిన రోజు అమ్మ పాడింది నీ ఫోనులో ఉంచుకున్నావు. అందులో నాన్న పేరు వాడడానికి మనసొప్పక, అమ్మ నిన్ను అన్నానికి పిలిచిన 'రాబినూ' అన్న ముక్క తెచ్చి అక్కడ అతికించావు. ప్రేమతోనే చేశావు. చిన్నప్పుడే హాస్టలుకు వెళ్ళిపోయిన నీకు తెలిసే వీల్లేదు. అది ఉత్త ఏడుపు కాదు తమ్ముడూ. శవాన్ని ఎత్తేటప్పుడు ఇంటి పెద్దామె పోయినవాళ్ళను పేరు పెట్టి, సమాధుల కొండకు రమ్మని పిలిచే పిలుపు. బాప్తిస్మం తీసుకున్నా మన ఊరి ఆడవాళ్ళు దాన్ని మానలేదు. మళ్ళీ ఇంకో చావు వచ్చేదాకా కూనిరాగం కూడా తీయరు.

ఇప్పుడు సంతలో, జీపుల్లో, బడిపిల్లల నోట అదే పాట. అందరూ నిన్ను అటే రమ్మంటున్నారు. పాట కంపెనీవాళ్ళదైపోయింది, తీసే హక్కు మాకు లేదు అని రాశావు. తీసినా జనం నోట్లోంచి ఎవరు తీస్తారు? నిద్రలో ఎవరో పిలిచినట్టుండి లేచి కూర్చుంటున్నానని, తిరుగుడు ఎక్కువై అలసటేమోనని కూడా రాశావు. ఆ వాక్యం అమ్మకు చదివి వినిపించలేదు.

ఫోనులో నీకు ఒక అబద్ధం చెప్పాను. అమ్మకు గొంతు పట్టేయలేదు. ఆ పిలుపు అందుకున్నవాళ్ళతో పిలిచినామె మళ్ళీ మాట్లాడితే వాళ్ళు దారి మధ్యలో చిక్కుకుపోతారని పెద్దల మాట. అందుకే ఫోను ముట్టడం లేదు. ఇవన్నీ పాత భయాలమ్మా, మన ప్రాణం ప్రభువు చేతిలో ఉంది అని అమ్మకు రోజూ చెప్తున్నాను. కానీ ఆ గురువారం నుంచి మోకాళ్ళూనినప్పుడు నీ పేరు నా నోట రావడం లేదు. మోసెస్ పేరు చెప్తాను, సుజానా పేరు చెప్తాను, నీ దగ్గర ఆగిపోతున్నాను. ఇది పాస్టరుగారికి కూడా చెప్పలేదు.

నిన్న సాయంత్రం నీ ఉత్తరం చదివాక అందరం కూర్చున్నాం. తాతారావు మామ కథ అమ్మే ఎత్తింది. డొంకరాయి డ్యాము పనికి వెళ్ళి ఏట్లో కొట్టుకుపోయాడనుకుని, ఆయన్ని ఇలాగే పిలిచేశారట. తర్వాత మనిషి బతికి తిరిగొచ్చాడు. ఊరు ఆయన్ని పాత పేరుతో గడప తొక్కనివ్వలేదు. తాతారావు అన్నది అప్పుడు గుమ్మం బయట పెట్టిన పేరు. మునుపటి పేరు ఈనాటికీ ఎవరూ అనరు.

నీకూ అలాగే కొత్త పేరు పెట్టాలంటే మోసెస్ ఒప్పుకోలేదు. "పోస్టర్లనిండా ఆడి పేరే. ఇప్పుడిప్పుడే పైకొత్తన్నాడు. అది తీసీమంటే ఆడింటాడా అప్పా?"

అమ్మే జవాబు చెప్పింది. "పేరు పోతే పోనీ. పేనం ఉంటాది."

ఆ మాటతో మోసెస్ కూడా సరేనన్నాడు. అరకులో నీ బ్యాండు షోకు ముందే నువ్వు ఒక్కడివే ఇంటికి రావాలని తేల్చాం. అమ్మ గుమ్మం బయటే నీకు కొత్త పేరు పెట్టి లోపలికి పిలుస్తుంది. ఆ పేరు ఎంచుకుంది, నాకూ చెప్పలేదు. బేగి బయలుదేరు. ఘాట్ రోడ్డులో ఎవరు పాత పేరుతో పిలిచినా పలకకు, వెనక్కి చూడకు. అమ్మ గొంతైనా సరే.

ఇట్లు,
నీ క్షేమం కోసం మోకాళ్ళ మీద ఉన్న
పెద్దప్ప,
రాజకుమారి