స్వామి పటానికి అడ్డమొచ్చిన స్పీకర్లు

శనివారం, తిరుపతి

సిగ్నల్ ప్రాసెసింగ్ అంతర్జాతీయ సదస్సుకు ఈరోజు మైకు సెట్టు నాదే. స్పీకర్లు వేదిక ముందు పెట్టబోతే, సదస్సు నడిపే ప్రొఫెసరు అరిచాడు.

"స్వామి పటానికి అడ్డం పెడతావా? యెనక పెట్టప్పా."

"మైకు యెనక పెడితే కుయ్యిమంటాది సార్."

"యాడిదాకా సదివినావు నువ్వు?"

"ఏడో తరగతి సార్."

అందరూ నవ్వారు. వెనకే పెట్టాను. జపాన్ నుంచి వచ్చిన వక్త నోరు తెరవగానే మైకు కీచుమంది. శబ్దంలోంచి రొద తీసేయడం గురించే ఆయన ప్రసంగమట! చివరికి మైకు వదిలేసి మాట్లాడాడు. వెనక వరుసలకు వినబడలేదు.

"మైకోడికి పని తెలీదు" అని ప్రొఫెసరు తప్పు నామీదికి తోశాడు. రేపటికి పుత్తూరు మైకు సెట్టును పిలిచారు.

పటాన్నే కాస్త పక్కకు జరిపితే సరిపోయేదని నాకు అప్పుడే తోచింది. ఏడో తరగతని చెప్పాక మళ్లీ నోరు పెగల్లేదు...