ముందు డేటాబేస్, తర్వాత కాష్

జూన్ 2, సోమవారం. ఉదయం 7:10

ఈరోజు నుంచి సర్వర్లను చేత్తో మొదలుపెట్టను. నిర్ణయం అయిపోయింది.

రెండేళ్లుగా నా ఉదయాలు ఆసుపత్రి కంప్యూటర్లవి. రోజూ ఐదున్నరకు వివరాల నకలు తీసే బ్యాకప్ ముగిసి, అన్నీ ఆగి, మళ్లీ మొదలవ్వాలి. నేను పళ్లైనా తోముకోకుండా లాప్‌టాప్ తెరిచి ముందు డేటాబేస్‌ను లేపుతాను. ఏ మందు ఎంత ఉంది, ఏ రోగికి ఏ డాక్టర్ అన్న అసలు వివరాలన్నీ అందులోనే. తర్వాత కాష్. మాటిమాటికీ అడిగే వివరాలను డేటాబేస్ నుంచి తెచ్చి దగ్గర పెట్టుకుని, అడగ్గానే చెప్పేది అది. చివరికి, కౌంటర్లలో తెరలు నడిపే అప్లికేషన్. వరుస తప్పిందా, కాష్ ఇంకా లేవని డేటాబేస్‌ను అడిగి, ఖాళీ చేతులతో వచ్చి, ఆ ఖాళీనే నిజమని అందరికీ చెబుతుంది. మందుల కౌంటర్‌లో ఏది అడిగినా సున్నా.

ఈ వరుస తెలిసింది నా ఒక్కదానికే. ఇన్నాళ్లూ అదొక ఘనత అనుకున్నాను.

తొమ్మిదో తేదీ నుంచి పిచ్చుకకు ఈత క్లాసు, ఉదయం ఆరింటికి. పిచ్చుక అంటే మా అమ్మాయి, ఎనిమిదేళ్లు. నీళ్లంటే హడల్. నేను గట్టు మీద కూర్చుంటేనే దిగుతానంది.

నియమాలు: వరుస నా బుర్రలో కాదు, సర్వర్‌లో ఉండాలి. ఐదున్నరకు లాప్‌టాప్ ముట్టకూడదు. సాకులు చెప్పకూడదు.

జూన్ 3. మధ్యాహ్నం 12:40

సర్వర్‌తో వచ్చిన పుస్తకం మొదటిసారి చదివాను. ఒక్కోదానికి ఒక్కో అంకె ఇవ్వొచ్చట. చిన్న అంకెది ముందు మొదలవుతుంది. డేటాబేస్‌కు ఒకటి, కాష్‌కు రెండు, అప్లికేషన్‌కు మూడు ఇచ్చాను.

పట్టిన సమయం నాలుగు నిమిషాలు. రెండేళ్ల నిద్రలేమికి విరుగుడు నూట ఎనభయ్యో పేజీలో ఉంది. ఎంత గొప్ప ఇంజనీరునో.

జూన్ 4. ఉదయం 5:50

లాప్‌టాప్ ముట్టాను. చూడటానికే.

వరుస ప్రకారమే మొదలయ్యాయి. కానీ మొదలవడం వేరు, పనికి సిద్ధమవడం వేరు అని పుస్తకం నూట ఎనభై ఒకటో పేజీలో ఉంది. నేను అక్కడిదాకా చదవలేదు. డేటాబేస్ లేచి తన వివరాలన్నీ ఒకసారి సరిచూసుకుంటుంది. ఈలోపు కాష్ వెళ్లి అడిగేసింది. అన్నీ సున్నాలు.

మధ్యలో ముప్ఫై సెకన్లు ఆగమని రాశాను. సమస్య తీరింది.

జూన్ 5. ఉదయం 9:15

ముప్ఫై సెకన్లు చాలాయి. మా మేనేజరుకు చెప్పాను. ఆయన్ను అందరం రేపటి సారు అంటాం, ఏ పని అడిగినా రేపు చూద్దామంటారు కాబట్టి. ఇది మాత్రం ఈరోజే చూశారు. పెద్దవాళ్ల సమావేశంలో ‘మేం సాధించాం’ అని చెప్పారట. మేం అంటే ఎవరెవరో కనుక్కోవాలి.

జూన్ 6. ఉదయం 6:05

ముప్ఫై చాలలేదు. అరవై చేశాను. నిన్న రోగులు ఎక్కువ, డేటాబేస్‌కు పని ఎక్కువ. ఇది సాకు కాదు, కారణం.

జూన్ 7. ఉదయం 6:05

తొంభై.

జూన్ 8, ఆదివారం

కౌంటర్‌కు సెలవు. సంకల్పం నూటికి నూరు శాతం అమలైంది.

జూన్ 9. ఉదయం 7:30

ఈత మొదటిరోజు. నూట ఇరవై సెకన్లు పెట్టి వెళ్లాను. లాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను, తడవకుండా. పిచ్చుక మోకాళ్ల లోతు వరకు దిగి నావైపు చూసింది. నేను తెర వైపు చూస్తున్నాను. ఎక్కి వచ్చేసింది. నీళ్లు చల్లగా ఉన్నాయంది.

జూన్ 10. ఉదయం 7:40

నూట యాభై. అయినా గట్టు మీద కూర్చుని చేత్తోనే మళ్లీ మొదలుపెట్టాను. దీన్ని ఓటమి అనరు, పర్యవేక్షణ అంటారు. ఈత మాస్టారు నేను ఆసుపత్రి నుంచి తనిఖీకి వచ్చాననుకుని నీళ్లు రోజూ శుభ్రం చేయిస్తున్నామని చెప్పారు.

జూన్ 11. ఉదయం 7:35

పిచ్చుక నీళ్లలోకి దిగలేదు. ఇంటి మెట్ల దగ్గర, “నువ్వు రాకపోయినా ఫర్వాలేదమ్మా, వచ్చి చూడకపోతేనే బాలేదు” అంది.

రేపు మూడు నిమిషాలు పెడతాను. లాప్‌టాప్ ఇంట్లోనే.

జూన్ 12. ఉదయం 7:20

పిచ్చుక మెడలోతు నీళ్లలోకి దిగింది. గట్టు పట్టుకుని కాళ్లాడించింది. గంటసేపు చూస్తూనే ఉన్నాను. ఫోన్ కూడా తీయలేదు. మూడు నిమిషాలు చాలకపోవడమేమిటి.

జూన్ 13. మధ్యాహ్నం 3:00

చాలలేదు.

మొన్న సాయంత్రం కరెంటు ఉన్నట్టుండి పోయిందట. దాంతో నిన్న ఉదయం డేటాబేస్ అన్నీ సరిచూసుకోవడానికి ఐదు నిమిషాలు తీసుకుంది. కాష్ మూడు నిమిషాలకే వెళ్లి సున్నాలు తెచ్చుకుంది. మందుల కౌంటర్ ఆరున్నరకు తెరిచారు.

మొదట వచ్చింది ఒక ముసలి దర్జీ. ఇన్సులిన్ అడిగాడు. తెర లేదంది. కౌంటర్‌లో ఉండే ఫార్మసిస్టు అక్క లేదని చెప్పి పంపింది. సూది వేసుకున్నాకే తినాలని ఆయన ఏమీ తినకుండా దుకాణం తర్వాత దుకాణం తిరిగాడు. ఆ వేళకు ఒక్కటీ తెరవలేదు. నాలుగో దుకాణం ముందు కళ్లు తిరిగి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. తీసుకొచ్చింది మా ఆసుపత్రికే. అప్పటికి నేను ఏడున్నరకు ఫోన్ చూసి అన్నీ సరిచేసి ఉన్నాను. తెరలో ఇన్సులిన్ ఇరవై రెండు పెట్టెలు.

వార్డుకు వెళ్లాను. కంప్యూటర్‌లో చిన్న పొరపాటు జరిగిందన్నాను. ఆయన కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ, ఇస్తానన్న తేదీకి బట్టలు అందించకపోవడం నలభై ఏళ్లలో ఇదే మొదలన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంటికి వెళ్లి అన్నం తినగలిగేదాన్ని.

జూన్ 14. ఉదయం 6:10

ఐదున్నరకు చేత్తో మొదలుపెట్టాను. పిచ్చుక ఈతకు వెళ్లలేదు. సంకల్పం వయసు పన్నెండు రోజులు.

రేపటి సారు నుంచి ఉత్తరం: ఆగే సమయం పది నిమిషాలు చేస్తే సరిపోతుంది కదా. నిజమే. పదకొండు నిమిషాలు పట్టిన రోజు మళ్లీ ఉత్తరం రాస్తారు.

జూన్ 16. మధ్యాహ్నం 1:30

భోజనాల వేళ ఫార్మసిస్టు అక్క దగ్గరికి వెళ్లాను. నాలుగు రోజులుగా ఆమె కూడా సరిగా తినడం లేదు. అసలేం జరిగిందని అడిగింది. అన్నీ చెప్పాను: వరుస, సెకన్లు, నా ఈతకొలను పర్యవేక్షణ.

అంతా విని అడిగింది. “డాక్టర్ గారు వచ్చారో లేదో తెలియాలంటే నేను వెళ్లి తలుపు తడతానమ్మా. గడియారం చూసి వచ్చేసుంటారులే అనుకుని రోగిని లోపలికి తోయను. మీ కాష్ తలుపు తట్టలేదా?”

తట్టదని చెప్పాను. తట్టమని నేనే రాయలేదు.

“ఇంకోటి. తెలియనప్పుడు తెలియదని చెప్పమను. లేదని చెప్పొద్దు. లేదంటే మనిషి వెళ్లిపోతాడు.”

ఈ ఆసుపత్రికి రాకముందు నుంచీ కలిపి పదమూడేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. లేదు, తెలియదు అన్న రెండు మాటలకూ నా సర్వర్‌లో ఒకటే అంకె ఉంది. సున్నా.

జూన్ 17, మంగళవారం. ఉదయం 8:00

సంకల్పం మళ్లీ మొదలు. ఈసారి సెకన్లు లేవు. కాష్ ముందు డేటాబేస్‌ను ఒక చిన్న ప్రశ్న అడగాలి. సరైన జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. జవాబు రాకుండా ఒక్క వివరమూ దాచుకోకూడదు. కాష్ నిండేదాకా తెరలు సున్నా చూపకూడదు. నిన్న మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా కూర్చుని రాశాను. రేపటి సారు రేపు చూద్దామన్నారు. చూడనివ్వండి.

పరీక్ష ఈరోజే, కౌంటర్ తెరిచే వేళకే పెట్టాం. అక్క ఒప్పుకుంది. ఈ ఒక్కరోజుకు ఈత లేదని పిచ్చుకకు ముందే చెప్పాను. డేటాబేస్‌ను కావాలనే ఏడు నిమిషాలు ఆపి, వెళ్లి ఆమె వెనక నిలబడ్డాను. కౌంటర్ ముందు చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె జ్వరం మందు చీటీ ఇచ్చింది. అక్క మందు పేరు కొట్టింది. తెర మీద వచ్చింది: ‘ఇంకా తెలియదు.’

అక్క ఆ మాటను ఒకటికి రెండుసార్లు చదివింది. తర్వాత తలెత్తి, “కూర్చోమ్మా, లోపల చూసొచ్చి చెప్తాను. వెళ్లిపోకు” అంది.